సాయవ్వ బొంత

నీల పుట్టింది కోరుట్లలో, బీడీలు చుట్టే ఇంట్లో. అక్కడ వాకిట్లో పదిమంది ఆడవాళ్లు కూర్చున్నా కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. పెళ్లయి సిరిసిల్లకు వచ్చాక మొదటి నెలంతా ఆమెకు తన గొంతు తనకే వినపడలేదు. ముందు ఇల్లు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగు సాంచెలు. మరమగ్గాలని పుస్తకాల్లో రాస్తారు గానీ సిరిసిల్లలో ఆ మాట అన్నవాణ్ని జనం ఒకసారి తలెత్తి చూస్తారు. నాలుగూ ఒక్కసారి మొదలైతే చెంబులో నీళ్లు వణుకుతాయి. ఆ ఇంట్లో మంచినీళ్లు అడిగినా దెబ్బలాటకు పిలిచినట్టే ఉంటుంది.

అందరికంటే గట్టిగా అడిగేది అత్త సాయవ్వ. నీల కొన్నాళ్లు భయపడింది, ఆ తర్వాత తనూ గొంతు పెంచింది. పోనుపోను అది ఇద్దరికీ కాలక్షేపం అయింది. మగ్గాల మధ్య నిలబడి నూలు కండెలు చుడుతూ కోడలు ఒకటి అంటే, వీధి గడపలో కూర్చుని చుట్ట కాలుస్తూ అత్త రెండు అనేది. నీల మొగుడు రాజం ఈ రెంటినీ వినేవాడు కాదు. చిన్నప్పటినుంచి సాంచెల మధ్య పెరిగినవాడికి చెవులు సగమే ఉంటాయి, ఆ సగాన్నీ అతను జాగ్రత్తగా వాడుకునేవాడు.

షెడ్డు వెనక, ప్రహరీకి ఇవతల, ఏడెనిమిది మంచాలు పట్టేంత పెరడు. అందులో బీర, సొర, గోంగూర, నాలుగు వంకాయ మొక్కలు. మగ్గాల నూనె ఊడ్చి ఊడ్చి పోసిన నేల కాబట్టి మొక్కలు పుట్టడమైతే పుట్టేవి గానీ పెరిగేవి కాదు. కూతురు రచన జగిత్యాలలో వ్యవసాయం చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు తల్లి చేత పెరట్లో ఎరువు కుప్ప వేయించింది. కూరగాయ తొక్కలు, ఎండాకులు, షెడ్డులో ఊడ్చిన నూలు చెత్త, అన్నీ అందులోకే.

"ఎండుది, పచ్చిది కలిపెయ్యి. వారానికోపారి కిందిమీద తిప్పాలె. నీ నడుం కంటె ఎత్తు కానియ్యకు. షెడ్డుకు దూరంగ పెట్టు."

"దూరం ఎందుకే?"

"లోపట వేడి పుడ్తదమ్మా."

"చెత్తకు జరం వస్తదా?" అని నీల నవ్వింది.

"వస్తది. చెయ్యి పెట్టనియ్యనంత వస్తది."

నీల అన్నిటికీ తలూపింది. కానీ ఆ పెరట్లో నీడ ఉండేది ఒక్కచోటే, షెడ్డుకు వెనక గోడగా నిలబెట్టిన రేకు పక్కన. రచన బస్సెక్కగానే కుప్ప అక్కడికే చేరింది. ఆ రేకుకు అవతల నూలు బస్తాలు ఉంటాయి. వాటి మీదా, దూలాల మీదా, సాంచెల మీదా దూది నలుసు మంచులా పేరుకుని ఉంటుంది. సిరిసిల్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు, ఆ నలుసుకు నిప్పు తగిలితే ఉరకడానికి కూడా సమయం ఉండదని. అందుకే రాజం బీడీ కాల్చాలంటే వీధిలోకి పోతాడు. వాళ్ల తిండి, రచన చదువు, రాజం తండ్రి పేరు, అన్నీ ఆ రేకుకు అవతలే ఉన్నాయి.

ఆ ఏడు చలి ముందుగా వచ్చింది. సాయవ్వకు దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గుతోందని ఆమె మంచాన్ని షెడ్డు పక్కనున్న చిన్న గదిలోకి మార్చారు. మార్చింది నీలే. ఆ గదికి కిటికీ తలుపు సరిగా పడదు.

"సలి పెడ్తందే నీలా."

"అందరికీ పెడ్తంది."

"ఈ బొంతల దూది లేదే. అంత మూలలకు పోయింది, నడిమిట్ల ఉత్త బట్టే ఉన్నది. ఇంత దూది నింపియ్యే."

"నింపుత. ఇయ్యాల రేపట్ల నింపుత."

షెడ్డు నిండా దూదే. సంచెడు పట్టుకొచ్చి, ఒక పక్క కుట్టు విప్పి, నింపి, మళ్లీ కుట్టడం ఒక పూట పని. నీలకు ఆ పూట దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆమె దొరకనియ్యలేదు. ఈ ముసలామె ఊరికే కూర్చోలేక పని పురమాయిస్తోందని అనుకుంది. అడిగి అడిగి సాయవ్వ ఒకరోజు అడగడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా, "నేను పోయినంక ఈ ఇంట్ల ఎవ్వలకు సలి లేకుంట జేస్త సూడు" అంది.

"గట్లనే జెయ్యి, పుణ్యముంటది" అంది నీల. అత్తాకోడళ్లు మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. మర్నాడు తెల్లారి చాయ్ పట్టుకుని వెళ్లేసరికి సాయవ్వ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయి ఉంది. చేతులు రెండూ బొంత మధ్యలో, దూది లేనిచోట.

పోయినవాళ్ల పక్కబట్టలు పాడెతో పాటే మానేరు ఒడ్డున కాటికి పోవాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. కానీ చుట్టాలు వస్తున్నారు. ఆ బొంతను ఎవరైనా ఎత్తి చూస్తే, నడుమ ఉత్త బట్ట కనిపిస్తే, నీల ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? గబగబా చుట్టి మంచం కిందికి తోసింది. ఏడుపుల్లో, వచ్చిపోయేవాళ్ల హడావిడిలో అది అక్కడే ఉండిపోయింది. దినాలు అయిపోయాక గది ఊడుస్తుంటే చీపురుకు తగిలింది.

ఇంట్లో ఉంచుకోరాదు. వీధిలో పారేస్తే, ఆకుపచ్చ అంచుల అతుకులు చూసి అది సాయవ్వదని వాడంతా పోల్చుకుంటుంది. తల్లి బొంత పంపలేదని రాజంతో చెప్పడానికి నోరు రాదు. బట్టా దూదీ మట్టిలో కలిసిపోతాయని రచన ఒకసారి అన్నమాట గుర్తొచ్చింది. రాజం బజారుకు పోయినప్పుడు నీల ఎరువు కుప్పను నడిమిదాకా తవ్వి, బొంతను అందులో పడుకోబెట్టి, మీద నూలు చెత్త కప్పింది. పడుకోబెట్టడమే. విసిరేయడానికి చేతులు ఒప్పుకోలేదు.

అప్పటినుంచి ఆమె కుప్పను తిప్పలేదు. తిప్పితే బొంత బయటపడుతుంది. పైగా ఎక్కడ అంచు కనిపిస్తుందోనని రోజూ మీద ఇంకింత చెత్త వేసేది. సాంచెలు తుడిచిన నూనె పీలికలు కూడా వేసేది. కుప్ప నడుం దాటింది, భుజం దాకా వచ్చింది.

మొదట ఆవిరి కనిపించింది. తెల్లవారుజామున ముగ్గు వేయడానికి లేచిన నీల పెరటి తలుపు తీస్తే, వాడంతా చలికి బిగుసుకుపోయి ఉన్న ఆ వేళ, కుప్ప ఒక్కటే ఊపిరి తీస్తున్నట్టు పొగలు వదులుతోంది. చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన మనిషి వీపు మీద చెయ్యి వేసినట్టే ఉంది. గబుక్కున తీసేసింది.

వాడలోని పిల్లి ఒకటి కొన్నాళ్లు దాని మీద పడుకునేది. ఒకరోజు అరుచుకుంటూ దూకింది. మళ్లీ ఆ పెరట్లో అడుగు పెట్టలేదు.

ఒక పొద్దున నీల ధైర్యం చేసి పైచెత్త కొద్దిగా పక్కకు జరిపింది. లోపల తెల్లటి పోగులు. నూలు కాదది. నూలు పోగు ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సన్నగా, చిక్కుపడి, వేలితో తాకితే పొడైపోయేంత మెత్తగా, సాయవ్వ తలంటుకున్న రోజు దువ్వెనకు వచ్చే వెంట్రుకల్లా ఉన్నాయి. నీల చెత్త మళ్లీ కప్పి, లోపలికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుంది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. 

తర్వాత వాసన. చుట్ట వాసన. రాజం చుట్ట కాల్చడు, పక్కింటివాళ్లు కాల్చరు. కుప్ప దగ్గర నిలబడితే సాయవ్వ గడపలో కూర్చున్నప్పటి వాసనే. సాంచెలు ఆగినప్పుడు, ఎండ లేని వేళ కూడా, వెనక రేకు టిక్కు టిక్కుమని చిన్నగా చప్పుడు చేసేది. అవతలివైపు నుంచి ఎవరో గోటితో కొడుతున్నట్టు. "ఏందో ఈ యేడు షెడ్డుల సలే లేదు, మంచిగున్నది" అన్నాడు రాజం ఒకసారి. నీల కండె చుట్టడం ఆపి వెనక రేకు వైపు చూసింది.

కోరుట్లలో పురుడు ఉంటే నీల బస్సెక్కి పోయింది. అక్కడ చిన్నమ్మ సత్యవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎవరూ లేని సమయం చూసి నీల ఆమెకు మొత్తం చెప్పింది, బొంత సంగతితో సహా. సత్యవ్వ చేతులు ఆగలేదు.

"సచ్చినోళ్లు ఉత్తగ ఉడుకు మీదుండరు బిడ్డా. మనసుల ఏదో ఉన్నది ఆమెకు."

"సలి అన్నదామె. ఉడుకెందుకైతంది?"

"ఇప్పుడు అన్నీ ఉల్టనే. నువ్వామెను సల్లగ జెయ్యాలె. ఐతారం ఐతారం సాక పొయ్యి. కల్లు పొయ్యి, బెల్లం నీళ్లు పొయ్యి, ఇంత పెరుగన్నం పెట్టు. ఆరుతది."

దేవతకైనా, పోయినవాళ్లకైనా కోపం చల్లారాలని పోసేదే సాక. నీల ప్రతి ఆదివారం శ్రద్ధగా పోసింది. కుప్ప నెత్తిన చిన్న గుంట చేసి, అందులో కల్లు పోసి, బెల్లం నీళ్లు పోసి, పెరుగన్నం ముద్ద పెట్టి, వేపరెమ్మ గుచ్చి, "సల్లగుండే అత్తా" అని దండం పెట్టేది. ఎరువు తొందరగా మాగాలని చదువుకున్నవాళ్లు కలిపే దినుసులు కూడా ఇంచుమించు ఇవేనని ఆమెకు ఎవరు చెబుతారు? సాక పోసిన మర్నాడు ఆవిరి ఇంకా చిక్కగా లేచేది. కుప్ప మీద పెట్టిన చెంబులో చల్లటి నీళ్లు పొద్దెక్కేసరికి స్నానానికి పనికొచ్చేంత వేడెక్కేవి. రేకు మీదికి పాకిన చిక్కుడు తీగ కింది నుంచి పైకి వాడిపోయింది. ఎంత చల్లబరిస్తే అంత కాలుతోంది. నీలకు అన్నం సయించడం మానేసింది. ముసలామె తనను కాదు, సాంచెలను తీసుకుపోవాలనుకుంటోందని ఆమెకు గట్టిగా తోచింది. ఎవ్వలకు సలి లేకుంట జేస్త అంది. షెడ్డు అంటుకుంటే ఆ మాట నిజమవుతుంది.

రచన ఫోన్ చేసినప్పుడు నీల డొంకతిరుగుడుగా అడిగింది. "పాత బట్టలేమన్న కలిస్తే కుప్ప ఉడుకెక్కుతదా?"

"నువ్వు తిప్పుతున్నవా అమ్మా?"

"తిప్పుతున్న."

"నూనె పీలికలేస్తున్నవా?"

"కొన్ని."

"వెయ్యకు. అవి ఉత్తగనే రాజుకుంటయి. కాలిన వాసనొస్తే మాత్రం ముందు తెరవకు, గాలి తగిల్తే మంటైతది. మొదలు మస్తు నీళ్లు కొట్టి, తడిసినంక కొంచెం కొంచెం గుంజి పల్చగ పరువాలె. ఇంటున్నవా?"

"ఇంటున్న" అంది నీల. చుట్ట వాసన సంగతి చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే బొంత సంగతి కూడా చెప్పాలి. మూసేసింది.

శివరాత్రి పోయింది. చలి పోయింది, ఎండ ముదిరి పొడిగాలి మొదలైంది. కుప్ప నుంచి ఆవిరి రావడం ఆగిపోయింది. నీల సంతోషించింది, సాక పనిచేసిందనుకుంది. లోపలున్న తడి అంతా అయిపోయిందని అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచెలు ఒక్కసారిగా ఆగాయి. రాజం షెడ్డులో ఒక సాంచె ముందు వంగి తెగిన పోగులు అతుకుతున్నాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న నీలకు ఆ నిశ్శబ్దంలో రేకు చప్పుడు వినపడింది. టిక్కు. టిక్కు. తలతిప్పి చూస్తే కుప్ప నెత్తిన, వేపరెమ్మ పక్కనుంచి, సన్నటి నీలం పొగ. ఎవరో లోపల కూర్చుని తీరిగ్గా చుట్ట పీలుస్తున్నట్టు కొంచెం ఆగి, కొంచెం వచ్చి, మళ్లీ ఆగుతోంది.

తెరవకు అన్న కూతురి మాట గుర్తుంది. గుర్తుండే తెరిచింది. రాజం వచ్చేలోగా బొంత తీసి ఎక్కడైనా దాచేయాలి, ఆ క్షణాన ఆమెకు వేరే ఆలోచన లేదు. పార తెచ్చి కుప్ప నడుమ గుచ్చి లాగింది. లోపలంతా నల్లగా ఉంది. ఒక్క ఊపిరి తీసేంతసేపు నల్లగానే ఉండి, గాలి తగిలి ఎర్రబడి, భగ్గుమంది.

మంట నేరుగా రేకును అంటుకుంది. రేకు మీది రంగు బుడగలై లేచింది.

"నూలు గుంజు" అని నీల అరిచింది. ఇన్నేళ్ల సాంచెల గొంతు ఆ రోజు పనికొచ్చింది. రాజం సగం చెవులు కూడా విన్నాయి. అతను పొగ చూసి ఏమీ అడగలేదు, అవతల బస్తాలను ఒక్కొక్కటే రేకు నుంచి ఈడ్చడం మొదలుపెట్టాడు. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. పెరట్లో ఉన్నది ఒక్క డ్రమ్ము నీళ్లు, అదీ నిండుగా లేదు. నీల బకెట్లతో ముందు రేకును తడిపింది, తర్వాత కుప్ప అంచులను. పారతో మండుతున్న చెత్తను రేకు నుంచి దూరంగా, గోంగూర మడిలోకి లాగి, పరిచి, నీళ్లు చల్లి, మట్టి కప్పి, మళ్లీ లాగింది. ముంజేతుల మీద వెంట్రుకలు కమిలిపోయాయి. కొంగు బొడ్లో దోపుకుని ఏడుస్తూ లాగింది. రాజం బస్తాలన్నీ జరిపి ఇవతలికి వచ్చేసరికి రేకుకు ఆనుకుని ఒక్కటే మిగిలింది.

బొంత. ఆకుపచ్చ అంచుల అతుకులు ఇంకా పోల్చుకునేలానే ఉన్నాయి. మూలల్లోకి పోయిన దూది నాలుగు మూలలా నిప్పుకణికలై ఉంది. నడుమ ఉత్త బట్ట కాలి, లోపలికి ముడుచుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకున్న ఆకారంలో ఉంది.

డ్రమ్ములో ఆఖరి బకెట్ నీళ్లు నీల చేతిలో ఉన్నాయి. ఆమె పోయలేదు. చేతులు ఎత్తింది గానీ పోయలేకపోయింది. చన్నీళ్లు. సలి పెడ్తందే నీలా అన్న మనిషి మీద, దూది నింపమని బతిమాలిన మనిషి మీద చన్నీళ్లు ఎలా పోస్తుంది? మంట మళ్లీ లేచి రేకు అతుకు దగ్గరికి పాకింది. ఆ అతుకు సందులోంచి లోపలి దూది నలుసు తెల్లగా కనిపిస్తోంది.

"నీలా" అన్నాడు రాజం.

"సలైతదే అత్తా" అంది నీల. "ఓర్సుకో."

పోసింది. బుస్సుమని లేచిన ఆవిరి ఆమె ముఖాన్ని కప్పేసింది. చుట్ట వాసన చాలాసేపు పోలేదు.

రాజం పొడుగు కట్టెతో బొంతను తిరగేసి చూశాడు. "అవ్వ బొంత గదా ఇది."

"ఆమెదే. నేనే పంపలే. నడుమ దూది లేకుండె. నింపుమని అడిగింది, నింపలే. అందరు సూస్తరని దాసిన." ఈసారి ఆమె గొంతు కోరుట్ల గొంతు. సాంచెలు ఆగి ఉన్నాయి కాబట్టి రాజంకు ప్రతి మాటా వినపడింది.

అతను కట్టె పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "నన్ను గూడ అడిగింది."

కరెంటు వచ్చాక మోటారు పెట్టి పెరడంతా తడిపారు. రచనకు ఫోన్ చేస్తే, పరిచింది పరిచినట్టే ఉంచి రెండుమూడు రోజులు తడుపుతూనే ఉండాలని, పైకి ఆరినట్టున్నా లోపల నిప్పు దాగి ఉంటుందని చెప్పింది. బొంతను బకెట్లో ముంచి, పిండి, మళ్లీ ముంచి గోనెసంచిలో వేశారు. పక్కింటి శ్రీలతను కూర్చుని కాపలా చూడమని చెప్పి రాజం మానేరుకని బండి తీశాడు.

"మన ఇంట్ల ఆడోళ్లు అటు పోరు గదా" అంది నీల.

"రా" అన్నాడు అతను.

సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. చీరంతా తడిసింది. బజారు దాటాక ఆ తడిలోంచి వెచ్చదనం మెల్లగా తొడలకు తగిలింది. మానేరు దారి పొడుగునా అది కొంచెం కొంచెం పెరుగుతూనే ఉంది. రాజంతో చెప్పలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఒడ్డున నీళ్లు దగ్గరగానే ఉన్నాయి. ఇద్దరూ మోకాళ్ల లోతుకు దిగారు. నీల సంచిని వంగి నీళ్లలో పెట్టి, మునిగేదాకా పట్టుకుంది. బుడగలు వచ్చాయి, ఆగాయి, మళ్లీ కొన్ని వచ్చాయి. వెచ్చదనం ఆమె అరచేతుల్లోంచి పోయాక వదిలింది.

ఒడ్డెక్కి నిలబడింది. ఎండ నెత్తిన మాడుతోంది, ఇసుక కాళ్లు కాలుస్తోంది. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కొంగు ఎంత చుట్టుకున్నా వణుకు ఆగలేదు.

"ఏమైంది?" అన్నాడు రాజం.

"సలి పెడ్తంది" అంది నీల.